ఏడు కనబడరాదు, వినబడరాదు

చింతలగరువు జిల్లా పరిషత్తు హైస్కూల్లో ఏడు అనే అంకె పోయింది. ఎవరో ఎత్తుకుపోలేదు. జిల్లా ఆఫీసు వాళ్ళే తీసేశారు. అదీ పిల్లల మేలు కోరి తీసేశారు కాబట్టి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

లెక్కల టీచరు త్రిపురసుందరికి మాత్రం ఇందులో తన పాపం కూడా కొంత ఉందని బెంగ. ఎందుకంటే ఆ సర్క్యులరు కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన మనిషి ఆ బళ్ళో ఆవిడ ఒక్కతే.

సంగతేమిటంటే, ఏడో తరగతిలో నూకరత్నం అని ఒక పిల్ల ఉంది. మాటల పుట్ట. నిన్న వీధిలో ఎవరెవరు పోట్లాడుకున్నారో, ఎవరు ఎవర్ని ఏమన్నారో పూస గుచ్చినట్టు చెబుతుంది. పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేస్తుంది. అంకె కనబడితే మాత్రం ఆ నోరు కాస్తా మూతపడిపోతుంది. పదిహేడు రాయమంటే డెబ్భై ఒకటి రాస్తుంది. ఆరు పెద్దదా తొమ్మిది పెద్దదా అనడిగితే, "రెండూ ఒకటేనండి, ఒకటి తలకిందులుగా నిలబడిందంతే" అంటుంది. గడియారం చూసి టైము చెప్పమంటే ఏడుస్తుంది. లెక్కల పీరియడు గంట కొట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కళ్ళు చెరువులే.

బద్ధకం అన్నారు కొందరు. బుర్రలో గుజ్జు లేదన్నారు ఇంకొందరు. సుందరి టీచరు ఒక శిక్షణ తరగతికి వెళ్ళినప్పుడు, దీనికి డిస్కాల్క్యులియా అని పేరుందనీ, ఇది పొగరూ కాదు బద్ధకమూ కాదనీ, చూపు ఆనని పిల్లకి కళ్ళజోడు ఇచ్చినట్టే ఈ పిల్లలకీ కాస్త ఆసరా ఇవ్వాలనీ చెప్పారు. చేత్తో పట్టుకుని చూసే వస్తువులతో నేర్పాలి. తొందరపెట్టకూడదు. పదిమందిలో నవ్వులపాలు చెయ్యకూడదు. పరీక్షలో నాలుగు నిమిషాలు ఎక్కువివ్వాలి. ఆ మాటలు విని ఇంటికొస్తూ దారిలో సుందరి టీచరు తనను తాను తిట్టుకుంది. అప్పటికి రత్నాన్ని రెండుసార్లు బెంచీ ఎక్కించింది ఆవిడే మరి.

ఆ మర్నాటి నుంచీ మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చింతపిక్కలతో మొదలుపెట్టింది. వారాల తరబడి ఒకటీ రెండూ దగ్గరే తిరిగారు. ఒకరోజు రత్నం ఒక పిక్క మధ్యలో పెట్టి, దానికి ఆనించి చుట్టూ పిక్కలు పేర్చింది. సరిగ్గా ఆరు పట్టాయి.

"టీచరండీ, పువ్వు!" అంది.

"ఎన్నున్నాయో ముట్టుకుని చెప్పు."

ఒక్కొక్కటీ ముట్టుకుని చెప్పింది. ఏడు. మర్నాడు ఏడు పెట్టమంటే లెక్కపెట్టకుండానే పువ్వు పెట్టేసింది. ఎనిమిదంటే పువ్వూ మొగ్గా అంది. తొమ్మిదంటే పువ్వూ రెండు మొగ్గలు. ఆరంటే మధ్యలో పుప్పొడి పోయిన పువ్వు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల కంటికి కనబడిన మొదటి అంకె ఏడు. సుందరి టీచరుకి ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషంతో.

కానీ ఇంట్లో వేరే చిక్కు ఉంది. రత్నం తండ్రి గంగరాజు కొబ్బరికాయలు ఒలిచే కూలీ. లెక్కల్లో వరసగా గుండుసున్నాలు చూసి విసిగిపోయి ఉన్నాడు.

"ఇరవైకి ఎంతొస్తే పాసండి?" అని టీచర్ని నిలదీశాడు.

"ఏడు, గంగరాజూ."

"అయితే ఆ ఏడూ తెమ్మనండి. ఈ పరీక్షలో ఏడు తెస్తే బడి. తేకపోతే మా చెల్లితో పాటు పీచు షెడ్డుకి. ఆయ్, నా మాటంతేనండి."

"పసిపిల్లని పన్లో పెడితే కేసవుద్ది, తెలుసా?"

"పనెవరు పెడతానన్నారండి? వాళ్ళ అత్తకి తోడుగా కూర్చుంటది. కూర్చోడానిక్కూడా కేసేంటండీ?"

పిక్కలు దగ్గర పెట్టుకోనిచ్చి, ఒక అరగంట ఎక్కువిస్తే రత్నం ఏడు తెచ్చుకుంటుందని సుందరి టీచరుకి నమ్మకం. అందుకు హెడ్మాస్టారి సంతకం కావాలి. హెడ్మాస్టారికి పైనుంచి ఉత్తర్వు కావాలి. అటువంటి ఉత్తర్వు వస్తోందని శిక్షణలో చెప్పారు. వచ్చింది కూడా.

వచ్చిన సర్క్యులరు ఇది:

"విషయము: గణితాభ్యసన వైకల్యము గల బాలబాలికలకు సానుకూల వాతావరణము కల్పించుట. ఒకటవ పేరా: గణిత తరగతులలో ఇకపై ఏడు కనబడరాదు, వినబడరాదు. రెండవ పేరా: అట్టి విద్యార్థులకు పరీక్షలలో అరగంట అదనపు సమయము ఇవ్వవలెను, పిక్కలు, పూసలు మొదలగునవి అనుమతించవలెను. తక్షణమే అమలుపరచి నివేదిక సమర్పించవలెను."

ఏడుపు అని కొట్టవలసిన చోట టైపు కొట్టిన మహానుభావుడి వేలు జారి 'పు' ఎగిరిపోయింది. ఇంత చిన్న సంగతి ఎవరికైనా తడుతుంది. హెడ్మాస్టారు భాస్కర నరసింహం గారికి తట్టలేదని కూడా కాదు. ఆయన కుర్రతనంలో ఒక సర్క్యులరులో అచ్చుతప్పు ఎర్రసిరాతో దిద్ది పైకి పంపారు. నెల తిరక్కుండా ఆయన్ని ఏజెన్సీకి బదిలీ చేశారు. అప్పట్నుంచీ పై కాగితంలో ఏముంటే అదే చదువుతారు, లేనిది కలలో కూడా చదవరు.

స్టాఫు మీటింగులో సర్క్యులరు రెండుసార్లు చదివి వినిపించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"విన్నారుగా. ఏడు కనబడకూడదు, వినబడకూడదు. ఎప్పట్నుంచి? తక్షణమే."

"అది ఏడుపండీ," అంది సుందరి టీచరు.

"ఏడుపో నవ్వో, ఉత్తర్వు ఉత్తర్వేనమ్మా."

"కాదండీ, ఆ మాటే ఏడుపు. 'పు' పడిపోయింది. లెక్కల క్లాసులో పిల్లల ఏడుపు ఉండకూడదని వాళ్ళ భావం."

"'పు' ఉందా ఇందులో?"

"లేదండి."

"లేని అక్షరాన్ని చదవడం మన పరిధిలోకి వస్తుందా?"

సుందరి టీచరు ఊరుకోకుండా జిల్లా ఆఫీసుకి ఫోను చేసింది. అవతల సూపరింటెండెంటు గారు ఓపిగ్గా విన్నారు. "అమ్మా, అక్షరం పడిపోయిందో, ఉన్నతస్థాయిలో ఆలోచించే పడేశారో మేము వ్యాఖ్యానించజాలము. అది విధానపరమైన నిర్ణయం. మీకేమైనా సందేహం ఉంటే ముందు అమలుపరిచి, పిమ్మట తగు మార్గమున తెలియజేయండి," అని పెట్టేశారు.

"పోనీ రెండో పేరా అయినా చెయ్యండి. రత్నానికి అరగంటా, పిక్కలూ. అందులో ఏ అక్షరమూ పడిపోలేదు కదా," అంది హెడ్మాస్టారితో.

ఆయన జాలిగా చూశారు. "ఒకటో పేరా అవకుండా రెండో పేరా ఎలా అవుతుందమ్మా? లెక్కల టీచరువి, వరస తెలీదా?"

అక్కడ దొరికిపోయింది సుందరి టీచరు. రత్నానికి అరగంట కావాలంటే ముందు ఏడుని చంపాలి. ఆ పిల్లకున్న ఒక్క అంకెనీ చంపాలి. పరీక్ష దగ్గరికొస్తోంది. కొంగు బిగించింది.

గోడగడియారంలో ఏడు మీద తెల్ల సున్నం పూశారు. ఎక్కాల పట్టికలో ఆరో ఎక్కం తరవాత ఎనిమిదో ఎక్కం అతికించారు. "గణిత తరగతులలో అని మాత్రమే ఉంది కదండీ" అని సోషల్ మాస్టారు గొణిగితే, "లెక్కలు లేని చోటు లేదని మీరే పిల్లలకి చెబుతారు కదా" అని హెడ్మాస్టారు ఆయన నోరు మూయించి, నిషేధాన్ని బడంతటికీ పొడిగించారు. ఏడో పీరియడు రద్దయింది. ఆరో గంట కొట్టాక ఎనిమిదో గంట దాకా పిల్లలు ఏ క్లాసులోనూ లేరు, అలాగని బయటా లేరు, రికార్డు ప్రకారం. మైదానంలో కబడ్డీ మాత్రం జోరుగా సాగింది.

వారంలో ఏడో రోజు తీసెయ్యాలన్నప్పుడు పెద్ద రగడ అయింది. సోమవారం నుంచి లెక్కపెడితే ఏడోది ఆదివారం. సెలవు పోతుంది. జన్మలో ఏనాడూ లెక్కల జోలికి పోని తెలుగు పండితుడితో సహా స్టాఫంతా ఏకగ్రీవంగా లేచి, వారం ఆదివారంతోనే మొదలవుతుందని నిరూపించారు. ఆ విధంగా శనివారం పోయింది.

సైన్సు మాస్టారు పరాంకుశం గారు ఇంద్రధనుస్సుని తానే తెచ్చి అప్పజెప్పారు. "ఊదాకీ నీలానికీ మధ్య ఇంకోటేదో ఉందని పుస్తకంలో ఉంది కదాని నేనూ చెబుతున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేనెప్పుడూ కళ్ళారా చూళ్ళేదు. దాన్ని తీసేద్దాం."

"మాస్టారూ, ఏళ్ళు అనకండి," అన్నారు హెడ్మాస్టారు గొంతు తగ్గించి. "అది ఏడుకి బహువచనం."

హాజరు తీసేటప్పుడు ఒక క్లాసులో సరిగ్గా ఏడుగురు గైర్హాజరయ్యారు. ఆ మాట రిజిస్టరులోకి ఎక్కడానికి వీల్లేదు. హెడ్మాస్టారు అటూ ఇటూ చూసి, ఏ పాపం ఎరగని ఒక బుద్ధిమంతుణ్ణి ఇంటికి పంపేసి లెక్క ఎనిమిది చేశారు.

అందరికంటే ఎక్కువ చిక్కొచ్చింది అటెండరు ఏడుకొండలుకి. ముప్పూటలా "ఏడూ, గంట కొట్టు", "ఏడూ, టీ" అని పిలిపించుకున్న మనిషి. ఒక్కసారిగా అతన్నెవరూ పిలవడం మానేశారు. "ఇదుగో", "నిన్నే", "ఓయ్" అంటే పలకాల్సొచ్చింది.

"స్వామి పేరండి అది," అన్నాడు హెడ్మాస్టారి ముందు చేతులు కట్టుకుని. "కొండలే ఏడున్నాయండి. నేనేం చేసేది?"

"కొండల విషయం దేవాదాయశాఖ చూసుకుంటుంది. మన పరిధిలో లేదు," అన్నారాయన.

ఇదంతా ఇలా ఉండగా, ఒక మధ్యాహ్నం హెడ్మాస్టారు రౌండుకి వస్తూ ఏడో తరగతిలోకి తొంగిచూశారు. సుందరి టీచరు పక్కన రత్నం నేలమీద కూర్చుని పిక్కలతో పువ్వు పెట్టుకుంటోంది. ఆయన వంగి చూశారు. మనసులోనే లెక్కపెట్టుకున్నారు. మొహం పాలిపోయింది.

"ఇది… అదే కదూ!"

వంగి, మధ్యలో పిక్క తీసి జేబులో వేసుకున్నారు.

రత్నం కాసేపు ఆ ఖాళీ వంక చూసింది. ఇక గుక్కపట్టి మొదలుపెట్టింది. పక్క క్లాసుల వాళ్ళు పాఠాలు ఆపేశారు. ఏడుపు అన్నదే ఉండకూడదని ఏ బడికైతే ఉత్తర్వు వచ్చిందో ఆ బడి పెంకులు ఆ ఏడుపుకి లేచిపోతాయేమో అనిపించింది. సుందరి టీచరు లేచి నిలబడింది.

"వినబడుతోందా అండీ ఇప్పుడు?" అంది. "కనబడుతోందా?"

ఏడుకొండలు గంట వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "ఏటైందండి? పిల్ల ఆరున్నొక్క రాగం అందుకుందేటండి?"

హెడ్మాస్టారు ఉలిక్కిపడ్డారు. "ఏమన్నావ్?"

"ఆరున్నొక్క రాగమండి. ఏడుస్తంటే అలాగే అంటాం కదండి."

"ఆరున్నొక్క!" ఆయన మొహం వెలిగిపోయింది. జేబులో పిక్క తీసి, స్వహస్తాలతో పువ్వు మధ్యలో తిరిగి పెట్టారు. "ఇది ఆరున్నొక్కటి. దీని మీద ఏ ఉత్తర్వులూ లేవు. అమ్మాయీ, ఆడుకో."

రత్నం ముక్కు తుడుచుకుని పువ్వు చూసుకుంది. చుట్టూ ఆరు, మధ్యలో ఒక్కటి. "అవునండి, ఆరున్నొక్కటే," అంది. ఆ పిల్లకి ఆ పేరే ఇంకా సులువుగా ఉంది. కనబడేదే కదా పేరు.

ఆ సాయంత్రానికల్లా బడంతా తిరిగి దారిలో పడింది. ఆరున్నొక్కటో తరగతి. ఆరున్నొక్కటో పీరియడు. "ఆరున్నొక్క కొండలూ, టీ పట్రా." అతగాడు ఇదీ ఒక బతుకేనా అన్నట్టు చూసి పట్టుకొచ్చేవాడు.

పేరైతే దొరికింది గానీ, నాలుక్కి మాత్రం పట్టుబడలేదు. కూడికలు చెబుతూ మాస్టర్లు మధ్యలో ఆగిపోయేవారు. ముప్పై ఆరు తరవాత ఏమనాలో తోచక, ముప్పై ఆరున్నొక్కటా, ముప్పై ఆరుకి ఒకటా అని తడబడేవారు. పరాంకుశం మాస్టార్ని టైమడిగితే గడియారం వంక చూసి, చూపు తిప్పేసుకుని, "భోజనం వేళ కాలేదులే" అనేవారు. ఒకసారి సుందరి టీచరు ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి హెడ్మాస్టారు వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టుకుంటున్నారు. ఆవిణ్ణి చూడగానే చటుక్కున చెయ్యి వీపు వెనక దాచుకున్నారు. రత్నం సరిగ్గా అలాగే దాచుకునేది. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది.

"ఎలా ఉందండీ?" అనడిగింది నెమ్మదిగా.

"ఏది?"

"అందరికీ తెలిసిన లెక్క మనకొక్కళ్ళకే తట్టకపోతే."

ఆయన కాగితాలు సర్దుకున్నారు. "నివేదిక పంపించాను. 'ఒకటవ పేరా సంపూర్ణముగా అమలుపరచడమైనది' అని. పైనుంచి ధ్రువీకరణ రాగానే నీ రెండో పేరా చూద్దాం," అన్నారు.

ధ్రువీకరణ రాలేదు. సవరణ వచ్చింది. జిల్లా ఆఫీసులో ఎవరో సర్క్యులరు చదివినట్టున్నారు. "పై సూచికలోని ఉత్తర్వులలో 'ఏడు' అని ఉన్నచోట్ల 'ఏడుపు' అని చదువుకొనవలెను."

సుందరి టీచరు ఆ కాగితం పట్టుకుని గంతేసినంత పని చేసింది. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానండీ!"

"తొందరపడకమ్మా," అన్నారు హెడ్మాస్టారు. "ఆ ఉత్తర్వు ఎక్కడెక్కడ వర్తించిందో సవరణ కూడా అక్కడక్కడ వర్తించాలా వద్దా? ఒకచోట చదివి ఒకచోట మానితే ఆడిట్లో పట్టుకోరూ?"

ఆరున్నొక్కటో తరగతి బోర్డు మళ్ళీ దిగింది. 'ఏడుపో తరగతి' అని ఎక్కింది. గడియారం మీద సున్నం గీకి, ఏడు అంకె ఉండాల్సిన చోట ఇరుకిరుగ్గా సన్నటి అక్షరాలతో 'ఏడుపు' అని రాయించారు. పొద్దున్న ఏడుపున్నరకి ప్రైవేటు క్లాసులు మొదలయ్యేవి.

"ఆరున్నొక్కటే నయమండి బాబూ," అన్నాడు ఏడుకొండలు. "ఏడుపుకొండలేటండి? మా ఆవిడ నవ్వలేక చస్తందండి."

"మరి ఏడుపు కనబడకూడదు కదండీ?" అని సుందరి టీచరు ఆఖరి అస్త్రం వేసింది. "ఇప్పుడు గోడనిండా ఏడుపే కనబడుతోంది."

"ఒకటో పేరా సంపూర్ణంగా అమలైందని పంపేశాం కదమ్మా. అమలైపోయినదాన్ని మళ్ళీ అమలు చెయ్యడం నిబంధనలకు విరుద్ధం."

పిల్లల సంగతి వేరు. వాళ్ళకి పండగైపోయింది. బండగా బట్టీ పట్టే ఎక్కాన్ని ఇప్పుడు అడగకుండానే అందుకునేవారు. ఏడుపొకట్ల ఏడుపు! ఏడుపు రెళ్ళ పద్నాలుగు! మొదటి మాటకే సగం క్లాసు పొట్ట పట్టుకునేది. రత్నం అయితే మరీనూ. లెక్కల పీరియడు గంట కొడితే కళ్ళు తుడుచుకునే పిల్ల, ఇప్పుడు గంట ఎప్పుడు కొడతారా అని గుమ్మం వంక చూసేది. భయం పోయిన చేతికి పిక్కలు కూడా తొందరగా ఆడాయి. పద్నాలుగంటే రెండు పువ్వులు అని ఎవరూ చెప్పకుండా తానే కనిపెట్టింది.

సరిగ్గా అప్పుడే, పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా, తనిఖీకి చక్రధరరావు గారు దిగారు. ఆయన జిల్లా సానుకూల అభ్యసన వాతావరణ పర్యవేక్షణాధికారి. ఆ పేరు పూర్తిగా చెప్పుకునేసరికి ఆయన టీ చల్లారిపోయింది.

ఏడుపో తరగతి గుమ్మం దగ్గర ఆగి చెవి రిక్కించారు. లోపల ఎక్కం మోగిపోతోంది. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అద్భుతం! బాలలు ఏడుపును జయించుటయే కాక, దానినే ఎక్కముగా మలచి వల్లించుచున్నారు. ఈ వినూత్న ప్రయోగము ఎవరిది?"

"తమరి ఉత్తర్వేనండి," అన్నారు హెడ్మాస్టారు వినయంగా.

"ఊఁ. అవును. మేము చాలా ఆలోచించే రూపొందించాము." లోపలికొచ్చి సుందరి టీచర్ని అడిగారు. "సదరు వైకల్యము గల లబ్ధిదారు ఎవరమ్మా?"

రత్నాన్ని చూపించింది. పదిమందిలో అలా అడగొద్దని ఎలా చెప్పాలో తోచక సుందరి టీచరు వెళ్ళి రత్నం పక్కన నిలబడింది.

"పాపా, నాలుగూ మూడూ ఎంత?"

రత్నం జేబులోంచి పిక్కలు తీసింది. ఇటు నాలుగు, అటు మూడు. వాటిని దగ్గరికి లాగి, ఒకటి మధ్యలో పెట్టి, మిగతావి చుట్టూ తిప్పింది. తలెత్తి గర్వంగా చూసింది.

"పువ్వండి!"

"అదికాదు పాపా. జవాబు చెప్పు."

రత్నం నవ్వాపుకోలేకపోయింది. "ఏడుపండి!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసకిస నవ్వింది. క్లాసంతా గొల్లుమంది. ఏమీ అర్థం కాకపోయినా, అధికారి కాబట్టి, చక్రధరరావు గారు కూడా నవ్వారు. ఆ తరవాత బల్ల మీద కూర్చుని నివేదికలో రాసుకుంటూ పైకే చదివారు: "లబ్ధిదారు ఏడుపును పువ్వుగా భావించు స్థాయికి ఎదిగినది. ఒకటవ పేరా లక్ష్యము సిద్ధించినట్లు ధ్రువీకరించడమైనది."

సుందరి టీచరు గభాల్న కాగితం తీసి హెడ్మాస్టారి ముందు పెట్టింది. "అయితే రెండో పేరా అండీ. అరగంట. పిక్కలు."

అధికారి ఎదుట కాదనడానికి ఇక ఆయనకి సాకు దొరకలేదు. సంతకం పెట్టారు.

రత్నం పరీక్ష రాసింది. మిగతా పిల్లలు వెళ్ళిపోయాక కూడా అరగంట సేపు ఖాళీ గదిలో బల్లనిండా పువ్వులు పరుచుకుని, నాలుక బయటపెట్టి రాసింది. పేపరు దిద్దేటప్పుడు సుందరి టీచరు చెయ్యి ఎన్నోసార్లు లాగింది, ఒక మార్కు కలిపేద్దామని. కలపలేదు. మొత్తం వేసి చూసుకుంది. ఇరవైకి ఏడు. అక్కడే కూర్చుని మళ్ళీ వేసింది. ఏడే. ఆ పిల్ల తన సొంతంగా తెచ్చుకున్న ఏడు.

మర్నాడు ఆవిడకి మండలాఫీసులో పని పడింది. బడికి తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. ప్రోగ్రెస్ కార్డులు పంచేశారు.

"రత్నం కార్డు ఎవరు రాశారు?" అనడిగింది.

"హెడ్మాస్టారేనండి," అన్నాడు ఏడుకొండలు. "పట్టుకుని ఇంటికెళ్ళిపోయిందండి. మార్కులకాడ ఏం రాశారో నేనూ చూశానండి."

"ఏం రాశారు?"

ఏడుకొండలు తల గోక్కున్నాడు. "నా కొత్త పేరులో సగమండి."

సుందరి టీచరు అతని సైకిలు వెనక ఎక్కి కూర్చుంది. "తొక్కు," అంది.

కొబ్బరికాయల కుప్ప దగ్గర గంగరాజు కాయలు ఒలిచే గునపం పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో కార్డు. కూడబలుక్కుని చదివేవాడు కాబట్టి రెండుసార్లు చదివి ఉంటాడు. రత్నం పక్కనే నిలబడి ఉంది, ఈయనెందుకు నవ్వడం లేదా అన్నట్టు.

"రండి టీచరండీ," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది ఆవిడకి. "మార్కులు రాయండ్రా అంటే 'గణితము: ఏడుపు' అని రాశారండి. సున్నా వస్తే సున్నా అని రాయాలి గానీ, కూలోడి పిల్లయితే మాత్రం ఇలా తిట్టిపోస్తారేటండి?"

సుందరి టీచరు నోరు తెరిచింది. సర్క్యులరు, 'పు', ఒకటో పేరా, సవరణ. ఎక్కణ్ణించి అందుకోవాలో తెలియలేదు. ఎక్కడ అందుకున్నా నమ్మే మాట కాదు.

"తిట్టు కాదు నాన్నా," అంది రత్నం. "అది నా మార్కు."

కుప్పలోంచి ఒలిచిన కాయొకటి తెచ్చి నేల మీద పెట్టింది. దానికి ఆనించి ఇంకోటి. ఇంకోటి. రెండు చేతులా మోసుకొచ్చి చుట్టూ పేర్చింది. ఆఖరికాయ సందులో ఇమిడిపోయింది. వెనక్కి జరిగి నిలబడింది.

"ఇదీ నాకొచ్చింది. ఇరవైకి. చూసుకో."

గంగరాజు చూశాడు. కాయలు లెక్కపెట్టడం అతనికి కొత్త కాదు. అయినా వంగి, ఒక్కొక్కదాని మీదా అరచెయ్యి వేసి లెక్కపెట్టాడు. మధ్యలో దాని మీద చెయ్యి అలాగే ఉంచేశాడు. కూతురి వంక, టీచరు వంక చూశాడు. టీచరు తలూపింది. భుజం మీద తువ్వాలు తీసి మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

"నాన్నా," అంది రత్నం అతని మొహంలోకి తొంగిచూస్తూ, "ఏడుపా?"

"ఛ, ఊరుకో," అన్నాడు గంగరాజు. పక్కిళ్ళ వాళ్ళకి కూడా వినబడేలా గొంతెత్తాడు. "ఏడు! నా కూతురికి ఏడు!"

రోడ్డు మీద సైకిలు పట్టుకుని నిలబడ్డ ఏడుకొండలు ఉలిక్కిపడ్డాడు. ఎన్నాళ్ళకి తన పేరుతో తనని ఒకరు పిలిచారు.

"ఆయ్!" అన్నాడు, సైకిలు అక్కడే పడేసి పరిగెడుతూ. "వచ్చేస్తన్నానండి!"